జలుబుకి మూడు మాత్రలు

పోయిన సెమిస్టర్‌లో జలుబు చేసింది. పులివెందులలో హాస్టల్ దగ్గర ఒక మెడికల్ షాపులో అడిగితే మూడు అజిత్రోమైసిన్ మాత్రలు ఇచ్చేశారు, డాక్టర్ చీటీ కూడా అడగలేదు. జలుబు దాని టైమ్‌కి అదే తగ్గింది. కడుపు మాత్రం నాలుగు రోజులు పాడైంది. జమ్మలమడుగులో ఉన్న మా అవ్వకి ఫోన్ చేస్తే, "కడుపు సల్లగుంటేనే ఒంట్లో సత్తువ రా అబ్బీ, మజ్జిగ తాగు" అనింది. నవ్వుకున్నా. తర్వాత చదివితే ఆ మాటలో కొంత సైన్స్ కనిపించింది.

జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు, చంపేది బ్యాక్టీరియాని. మన పేగుల్లో కాపురం ఉండేవి కూడా అందులో పోతాయి. 2016లో వేసిన లెక్క ప్రకారం ఒక మనిషిలో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి, సొంత కణాలు 30 లక్షల కోట్లే. మన ఒంట్లో మెజారిటీ మనది కాదన్నమాట!

తిండితో పాటు బయటివన్నీ వచ్చేది పేగుల్లోకే కాబట్టి, వాటి గోడ వెంబడి రోగనిరోధక కణాలు కాపలా ఉంటాయి. కనపడిన ప్రతిదాని మీదా దాడి చేస్తే పేగే పుండవుతుంది. ఎవర్ని వదిలేయాలో కూడా వాటికి తెలియాలి. మనం మోడల్‌కి ట్రైనింగ్ డేటా ఇస్తాం కదా, ఇక్కడ ఆ డేటా ఈ బ్యాక్టీరియానే. అసలు సూక్ష్మజీవులే లేకుండా ల్యాబ్‌లో పెంచిన ఎలుకల పేగుల్లో ఈ కాపలా సరిగా ఎదగదు. ఐజీఏ అనే యాంటీబాడీ కూడా బాగా తక్కువ.

ఇంకో సంగతి. మనకి అరగని పీచుని ఇవి పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి. అది టీ-రెగ్ కణాల్ని పెంచుతుందని 2013లో ఎలుకల మీద తేలింది. 'ఇక చాలు, ఆగండి' అని మిగతా కణాలకి చెప్పడమే టీ-రెగ్‌ల పని. అవ్వ చేసే రాగిసంగటిలో, కొర్రన్నంలో ఆ పీచు ఉంది. మెస్‌లో పెట్టే తెల్లన్నంలో తక్కువ. మా ప్రొద్దుటూరు కారందోసె మీద ఆశ పెట్టుకోకండి, పిండి పులిసేది బ్యాక్టీరియాతోనే అయినా పెనం మీద అవి బతకవు. (నేను తినడం మాననులే.)

మనుషుల్లో పెద్ద రుజువు పక్క రాష్ట్రం ఒడిశాలోనే దొరికింది. పినాకి పాణిగ్రాహి బృందం 4,500 మందికి పైగా పల్లెటూరి పసికందుల్ని తీసుకుని, సగం మందికి ఏడు రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాని, దాని తిండితో సహా ఇచ్చింది. సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం ఉండేవి 5.4 శాతానికి తగ్గాయి. 2017లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మజ్జిగ కూడా ఇంత పని చేస్తుందని కాదు, వాళ్లు వాడింది ఏరి తీసుకున్న ఒక్క రకం.

డాక్టర్ రాసిచ్చిన యాంటీబయాటిక్ వేరే మాట, చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే. నేను మింగింది అది కాదు.

మొన్న మళ్లీ జలుబు చేసింది. షాపు దాకా పోలేదు, ఆవిరి పట్టుకుని పడుకున్నా. ఐదో రోజుకి తగ్గింది.