పునఃసంకరణం: వరిలో తెగులు నిరోధం, గేదెల్లో జాతి మెరుగుదల

ఒక మంచి రకానికి ఒకే ఒక లోపం ఉందనుకోండి. ఆ లోపాన్ని సరిదిద్దే లక్షణం ఎక్కడో మరో రకంలో ఉంది. రెండింటినీ సంకరం చేస్తే ఆ లక్షణం వస్తుంది, కానీ దానితోపాటు మనకు అక్కర్లేనివి కూడా ఎన్నో వస్తాయి. ఈ చిక్కును పరిశోధకులు ఎలా విడదీశారో తెలుసుకోవడానికి మన పొలాల్లోని సాంబ మసూరి మంచి ఉదాహరణ.

బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించిన బీపీటీ 5204 రకం 1986లో విడుదలైంది. సన్నబియ్యం, మంచి అన్నం, మార్కెట్లో మంచి ధర. అయితే దీనికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే శక్తి లేదు. ఈ తెగులు సోకితే ఆకు కొన నుండి అంచుల వెంట పసుపు చారలు అలల ఆకారంలో కిందికి దిగి, ఆకు గడ్డి రంగుకు మారి ఎండిపోతుంది. ఉదయం వేళ ఆకులపై చిన్న చిన్న జిగురు బొట్లు కనిపిస్తాయి. అవే ఎండి పసుపు పూసల్లా మారుతాయి. అనుమానం ఉంటే తెగులు సోకిన ఆకును కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన చివర మునిగేలా ఉంచి చూడండి. కోసినచోటు నుండి తెల్లని మబ్బులాంటి ద్రవం దిగితే అది బాక్టీరియానే. గాలివాన కురిసిన తరువాత, నత్రజని ఎరువు మోతాదు మించిన చేలలో ఇది వేగంగా వ్యాపిస్తుంది. ఒకసారి చేను పట్టాక మందులతో అదుపు చేయడం చాలా కష్టం. రైతు పెట్టుబడి పెట్టేసిన తరువాత వచ్చే నష్టం ఇది. కాబట్టి నిరోధక శక్తి విత్తనంలోనే ఉండాలి.

హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలక కార్యాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి ఈ పని చేపట్టాయి. ఎక్స్ఎ21, ఎక్స్ఎ13, ఎక్స్ఎ5 అనే మూడు నిరోధక జన్యువులున్న దాత రకాన్ని తీసుకొని సాంబ మసూరితో సంకరం చేశారు. వీటిలో ఎక్స్ఎ21 ఆఫ్రికాకు చెందిన ఒక అడవి వరి నుండి వచ్చింది. ఒక జన్యువు చాలదా అన్న సందేహం మీకు రావచ్చు. బాక్టీరియా మారుతూ ఉంటుంది, ఒక్క తాళాన్ని ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తుంది. మూడింటినీ ఒకేసారి తెరవడం దానికి అంత తేలిక కాదు.

మొదటి సంకరంలో సాంబ వాటా సగం. ఆ మొక్కను మళ్లీ సాంబతోనే సంకరం చేస్తే సగటున 75 శాతం, ఆపై 87.5, 93.75, నాలుగోసారికి 96.875 శాతం. దీనినే పునఃసంకరణం అంటారు. ప్రతి తరంలో దాత వాటా సగానికి తగ్గుతుంది. అయితే మనకు కావలసిన జన్యువు కూడా అలాగే జారిపోవచ్చు కదా! అసలు కష్టం ఇక్కడే ఉంది. ఎక్స్ఎ13, ఎక్స్ఎ5 అంతర్గత జన్యువులు. రెండు ప్రతులూ ఉంటేనే వాటి గుణం బయటపడుతుంది. పునఃసంకర మొక్కలో ఒక్క ప్రతే ఉంటుంది. అందువల్ల తెగులు సోకించి చూసినా అది ఉందో లేదో తెలియదు. ఆకు ముక్క నుండి డీఎన్ఏ తీసి, జన్యువు పక్కనుండే గుర్తు (మార్కర్) ద్వారా చూస్తే తెలుస్తుంది. చివరగా ఆత్మపరాగ సంపర్కం జరిపితే మూడు జన్యువులకూ రెండేసి ప్రతులున్న మొక్క సగటున 64లో ఒకటి దొరుకుతుంది. ఇలా రూపొందిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇందులో జన్యుమార్పిడి లేదు, జరిగింది ఎంపిక మాత్రమే.

ఇదే లెక్క గేదెల్లోనూ కనిపిస్తుంది. నాటు గేదెకు ముర్రా వీర్యంతో కృత్రిమ గర్భధారణ చేయిస్తే పుట్టిన పెయ్యలో ముర్రా వాటా సగం. ఆ పెయ్య పెరిగి ఎదకు వచ్చాక మళ్లీ ముర్రా వీర్యమే వేయిస్తే దాని దూడలో 75 శాతం. మన ఊళ్లలో గ్రేడెడ్ ముర్రా అని పిలిచే పశువులు ఇలా వచ్చినవే. అయితే రెండు తేడాలు గమనించండి. వరిలో కొత్త రకం నుండి కొద్ది జన్యువులే తీసుకొని పాతదాన్ని నిలుపుకున్నాం. ఇక్కడ మాత్రం పాతదే క్రమంగా పలచబడుతుంది, దానితో నాటు పశువు తట్టుకునే గుణాలు కూడా. రెండవది, వరికి ప్రతిసారీ అదే సాంబ వాడవచ్చు. గేదెల్లో తల్లికి వాడిన దున్నపోతు వీర్యాన్నే దాని కూతురికి వేస్తే అంతఃప్రజననం జరిగి దూడలు బలహీనమవుతాయి. అందుకే ఏ దున్నపోతు వీర్యం వేశారో రాసి పెట్టుకోవాలి. చాలా ఇళ్లలో ఈ చిన్న పనే జరగదు.

కాలం కూడా ముఖ్యమే. వరిలో ఏడాదికి రెండు తరాలు చూడవచ్చు. గేదెలో ఒక తరానికి సుమారు నాలుగేళ్లు పడుతుంది. పైగా వేసవిలో గేదెలు చాలావరకు మూగ ఎదలో ఉంటాయి, అరవవు. తీగలు, మానం వాపు ఉదయం సాయంత్రం చూడకపోతే ఆ ఎద తప్పినట్లే, మళ్లీ సుమారు 21 రోజులు ఆగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఎక్స్ఎ21 బహిర్గత జన్యువు. మార్కర్ లేకుండా దీన్ని పునఃసంకర మొక్కల్లో గుర్తించగలమా? ఎక్స్ఎ5 విషయంలో ఎందుకు సాధ్యం కాదు?