తిరుగు దారి నేర్చుకున్న తీగ

అమెరికాలో రెండో నంబరు టీవీ చానల్ 54 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. గాలిలో బొమ్మలు పంపే ప్రసార కేంద్రాల కోసం 1940లలో నిర్ణయించిన అంకె అది. అప్పటికి ఇంటర్నెట్ ఎవరి ఊహలోనూ లేదు. అయినా 2020లో కరోనా వల్ల ఇళ్లలో చిక్కుకున్న లక్షలాది అమెరికన్ల వీడియో కాల్స్ ఎంత సాఫీగా సాగాలన్నది చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడింది. డెబ్బై ఏళ్లకు పైగా ఎడంలో ఉన్న ఈ రెంటినీ కలిపింది ఒక రాగి తీగ. దాని మీద కామ్‌కాస్ట్ అనే కంపెనీ మొదట టీవీ అమ్మింది, తరవాత బ్రాడ్‌బ్యాండ్ అమ్మింది, ఇప్పుడు మొబైల్ కనెక్షన్లూ అమ్ముతోంది. సియాటెల్‌లో, అట్లాంటా శివార్లలో కాపురాలున్న తెలుగువాళ్లకు ఈ కంపెనీ ఎక్స్‌ఫినిటీ అనే పేరుతో పరిచయం.

కేబుల్ టీవీ పుట్టింది కొండల మధ్య. పెన్సిల్వేనియాలోని బొగ్గు గనుల ఊళ్లకు ఫిలడెల్ఫియా ప్రసారాలు అందేవి కావు, కొండలు అడ్డం. బొమ్మ రాని చోట టీవీ సెట్లు ఎవరు కొంటారు? లాన్స్‌ఫర్డ్ అనే ఊళ్లో రాబర్ట్ టార్ల్‌టన్ అనే దుకాణదారుడికి వచ్చిన చిక్కు అదే. 1950లో ఆయన, మరికొందరు కలిసి ఎత్తయిన చోట పెద్ద యాంటెన్నా నిలబెట్టి, అక్కడినుంచి ఇళ్లకు తీగ లాగి నెలనెలా చందా వసూలు చేశారు. కొత్త టీవీ కేంద్రాలకు 1948 నుంచి 1952 దాకా ప్రభుత్వం అనుమతులు ఆపేయడం కూడా ఈ పద్ధతికి కలిసొచ్చింది.

వాళ్లు లాగింది కోయాక్సియల్ కేబుల్. మధ్యలో రాగి కడ్డీ, దాని చుట్టూ విద్యుత్తును పారనివ్వని పొర, దాని మీద లోహపు తొడుగు, అన్నిటికీ పైన ప్లాస్టిక్. సిగ్నల్ కడ్డీకీ తొడుగుకూ నడుమ ఉన్న జాగాలోనే ప్రయాణిస్తుంది కనక బయటి రేడియో తరంగాలు లోపలికి చొరబడవు, లోపలివి బయటికి పోవు. ఏటీ అండ్ టీ ఇంజనీర్లు లాయిడ్ ఎస్పెన్‌షీడ్, హెర్మన్ ఎఫెల్ దీని ఆధునిక రూపానికి 1929లోనే పేటెంట్ దరఖాస్తు పెట్టారు. ఒకే తీగ మీద ఎన్నో చానళ్లు పట్టే ఆ గుణమే తరవాతి కథంతటికీ మూలం.

దానికో బలహీనత ఉంది. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది, ఫ్రీక్వెన్సీ ఎక్కువయ్యేకొద్దీ మరీ త్వరగా. అందుకని కొన్ని వందల మీటర్లకొక యాంప్లిఫయర్ పెట్టాలి. యాంప్లిఫయర్ సిగ్నల్‌తోపాటు రొదనూ పెంచుతుంది, తన వంతుగా మరికాస్త రొద కలుపుతుంది. వరసలో ఆఖరి ఇంటికి చేరేసరికి బొమ్మలో చుక్కలు కురిసేవి. పైగా ఈ యాంప్లిఫయర్లు ఒక దిక్కుకే పనిచేస్తాయి. యాంటెన్నా చెబుతుంది, ఇల్లు వింటుంది. ఇల్లు మారు పలకాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

1963లో ఈ వ్యాపారంలోకి రాల్ఫ్ రాబర్ట్స్ వచ్చాడు. ఫిలడెల్ఫియాలో మగవాళ్ల బెల్టులు, సస్పెండర్లు తయారుచేసే కంపెనీని అప్పటికే అమ్మేశాడు. బెల్టు అక్కర్లేని ప్యాంట్లు బజారులోకి వస్తున్నాయన్న దిగులు అందుకు ఒక కారణమంటారు. ఆ డబ్బుతో ఏంచేయాలా అని చూస్తుండగా మిసిసిపీ రాష్ట్రంలో టూపెలో అనే ఊరి కేబుల్ వ్యవస్థ అమ్మకానికి వచ్చింది. 1,200 మంది చందాదారులు, ధర 5 లక్షల డాలర్లు. డాన్ ఆరన్, జూలియన్ బ్రాడ్‌స్కీలతో కలిసి కొన్నాడు. 1969లో కంపెనీకి కామ్‌కాస్ట్ అని పేరు పెట్టారు, 1972లో షేర్లు జనానికి అమ్మారు.

కొండ చాటు ఊళ్లు ఎన్నో ఉండవు కదా. మంచి బొమ్మ గాలిలోనే ఉచితంగా దొరికే పట్నంవాళ్లు కేబుల్‌కు డబ్బెందుకు కడతారు? దీనికి జవాబు అంతరిక్షం నుంచి వచ్చింది. అమెరికా కాలమానం ప్రకారం 1975 సెప్టెంబరు 30న మనీలాలో అలీ, ఫ్రేజియర్ తలపడిన బాక్సింగ్ పోటీని హెచ్‌బీఓ అనే చందా చానల్ ఉపగ్రహం ద్వారా ఫ్లోరిడా, మిసిసిపీల్లోని కేబుల్ కేంద్రాలకు అందించింది. అంతటితో దేశంలో ఎక్కడ డిష్ ఉంటే అక్కడికి గాలిలో దొరకని చానళ్లు చేరే వీలు కలిగింది. వార్తలకొకటి, ఆటలకొకటి, పాటలకొకటి చొప్పున చానళ్లు పుట్టుకొచ్చాయి. పట్నాలూ కేబుల్ పెట్టించుకున్నాయి.

తిరుగు దారి ఆలోచన దీనికి కాస్త ముందే మొదలైంది. దేశంలోని 100 పెద్ద మార్కెట్లలో కొత్తగా వేసే కేబుల్ వ్యవస్థలకు ఇంటినుంచి కేంద్రానికి సంకేతాలు పంపే సామర్థ్యం ఉండాలని 1972లో కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ షరతు పెట్టింది. మరి ఆ సంకేతాలకు జాగా ఏది? 54 మెగాహెర్ట్జ్ నుంచి పైనంతా టీవీ చానళ్లే. మిగిలింది దానికి దిగువన ఉన్న ఇరుకు పట్టీ. రెండు దిక్కుల మధ్య కాస్త ఖాళీ వదిలి, 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ దాకా తిరుగు దారికి కేటాయించారు. కిందికి వచ్చే దారి తరవాతి కాలంలో 750 మెగాహెర్ట్జ్ దాటి పెరిగింది. పైకి వెళ్లేది మాత్రం అలాగే ఉండిపోయింది, దానిలో ఇంచుమించు ఇరవయ్యో వంతుగానే.

ఇరుకు ఒక్కటే కాదు, అది రొద నిండిన దారి. షార్ట్‌వేవ్ రేడియో, లారీ డ్రైవర్లు మాట్లాడుకునే 27 మెగాహెర్ట్జ్ సీబీ రేడియో అన్నీ ఆ పట్టీలోనే ఉంటాయి. తుప్పు పట్టిన కనెక్టర్ ఒకటి ఉంటే చాలు, అవి తీగలోకి దూరతాయి. కేంద్రం నుంచి వచ్చే సిగ్నల్ ఇళ్లకు పంచుకుపోతుంది. ఎదురు వెళ్లేటప్పుడు మాత్రం వందలాది ఇళ్ల రొద పోగుపడి కేంద్రానికి చేరుతుంది. ఒహాయోలోని కొలంబస్‌లో వార్నర్ సంస్థ 1977లో క్యూబ్ అనే సేవతో ఈ దారిని వాడి చూసింది. ప్రేక్షకులు చేతిపెట్టె మీద బటన్లు నొక్కి కార్యక్రమాలకు జవాబులు చెప్పేవారు. ముచ్చటగానే ఉంది గాని ఖర్చు గిట్టలేదు. 1980ల నడుమ అది మూతపడింది.

1980ల చివర ఇంజనీర్లు కేంద్రం నుంచి పేటల దాకా ఆప్టికల్ ఫైబర్ వేయడం మొదలుపెట్టారు. ఫైబర్‌లో సిగ్నల్ కిలోమీటర్ల కొద్దీ పెద్దగా తగ్గదు. పేటలో ఒక నోడ్ పెడితే అక్కడ కాంతి మళ్లీ రేడియో సిగ్నల్‌గా మారి, పాత కోయాక్సియల్ మీదుగా కొన్ని వందల ఇళ్లకు చేరుతుంది. పొడవాటి యాంప్లిఫయర్ వరసలు పొట్టివైపోయాయి. ఇదంతా చేసింది బొమ్మ బాగుపడాలని, మరిన్ని చానళ్లు పట్టాలని. అనుకోకుండా దొరికిన ఫలితం వేరు. ఊరంతా ఒకే తీగగా ఉన్నది నోడ్‌ల వారీగా విడిపోవడంతో తిరుగు దారిలో రొద తగ్గి, అది వాడుకోదగ్గదయింది.

అప్పుడే ఇంటర్నెట్ వచ్చింది. ఒక్క టీవీ చానల్ ఆక్రమించే 6 మెగాహెర్ట్జ్ జాగాలో డిజిటల్ పద్ధతిలో సెకనుకు సుమారు 38 మెగాబిట్లు పంపవచ్చు. ఫోన్ మోడెమ్ వేగం 56 కిలోబిట్లయిన రోజుల్లో ఇది దిమ్మతిరిగే తేడా. రూజ్బే యాసినీకి చెందిన ల్యాన్‌సిటీ వంటి కంపెనీలు కేబుల్ మోడెమ్‌లు తయారుచేశాయి. ఎవరి మోడెమ్ ఎవరి తీగకైనా పనికొచ్చేలా కామ్‌కాస్ట్, టైమ్ వార్నర్, కాక్స్, టీసీఐ కలిసి 1997లో డాక్సిస్ ప్రమాణాన్ని రూపొందించాయి. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కామ్‌కాస్ట్‌లో 100 కోట్ల డాలర్లు పెట్టింది. 2002లో కామ్‌కాస్ట్ తనకంటే పెద్దదైన ఏటీ అండ్ టీ బ్రాడ్‌బ్యాండ్‌ను కలుపుకుని, 2 కోట్లకు పైగా చందాదారులతో దేశంలోకెల్లా పెద్ద కేబుల్ కంపెనీ అయింది.

ఆ 38 మెగాబిట్లు నోడ్ కింద ఉన్న ఇళ్లన్నీ పంచుకోవాలి, వీధి కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్నట్టు. కిందికి వచ్చే దారిలో సర్దుబాటు తేలికే, ఇంకో చానల్ జాగా ఇంటర్నెట్‌కు వదిలితే సరిపోతుంది. పైకి వెళ్లే దారిలో వదలడానికి జాగా లేదు.

ఈ ఇరుకు ఒక న్యాయ వివాదానికి దారితీసింది. బిట్‌టొరెంట్‌తో ఫైళ్లు పంచుకునేవాళ్లు రోజంతా అప్‌లోడ్ చేస్తూనే ఉంటారు. ఆ భారం తగ్గించడానికి కామ్‌కాస్ట్ చడీచప్పుడు లేకుండా వాళ్ల కనెక్షన్లను మధ్యలో తెంపే నకిలీ ప్యాకెట్లు పంపుతోందని 2007లో బయటపడింది. అది తప్పని 2008లో ఎఫ్‌సీసీ తీర్పు చెప్పింది. ఆ అధికారం మీకు లేదని 2010లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు ఎఫ్‌సీసీ ఉత్తర్వును కొట్టేసింది. ఏ డేటానైనా సమానంగా మోయాలనే నెట్ న్యూట్రాలిటీ పేరిట అమెరికాలో ఏళ్ల తరబడి సాగిన వాదులాటలో ఇది కీలకమైన కేసు. ఇంతకీ కంపెనీ కాపాడుకోవాలనుకున్నది 1940ల చానల్ పట్టిక మిగిల్చిన ఆ చిన్న పట్టీనే.

2008 ఏప్రిల్‌లో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో కామ్‌కాస్ట్ డాక్సిస్ 3.0ను తెచ్చింది. కొన్ని చానళ్లను కట్టగట్టి ఒకే కనెక్షన్‌గా వాడడం ఇందులో కిటుకు. డౌన్‌లోడ్ 50 మెగాబిట్లు, అప్‌లోడ్ 5. పదేళ్లు గడిచి డౌన్‌లోడ్ గిగాబిట్‌కు చేరినా అప్‌లోడ్ పదుల్లోనే ఉండిపోయింది. సినిమాలు చూసే ఇళ్లకు అదో లోటుగా కనిపించలేదు. 2020 మార్చి వచ్చేసరికి వీడియో కాల్స్, ఇంటర్నెట్ ఫోన్ల రద్దీ 212 శాతం పెరిగిందని కామ్‌కాస్ట్ ప్రకటించింది. బడిపిల్లలు, ఉద్యోగులు అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు మరి.

విరుగుడు రెండు మెట్లలో వచ్చింది. పాత అనలాగ్ చానళ్లు అప్పటికే పోయాయి కనక 54 మెగాహెర్ట్జ్ హద్దుకు అర్థం లేకుండా పోయింది. దాన్ని జరిపి తిరుగు దారిని 85 మెగాహెర్ట్జ్ దాకా పెంచారు. రెండోది డాక్సిస్ 4.0. ఇందులో ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు దిక్కులా ఒకేసారి సిగ్నల్ నడుస్తుంది. తాను పంపినదాని ప్రతిధ్వనిని పరికరమే లెక్కగట్టి తీసేసి, మిగిలినదాన్ని అవతలివాళ్ల మాటగా వింటుంది. 2023 చివర కొలరాడో స్ప్రింగ్స్, అట్లాంటా, ఫిలడెల్ఫియాల్లో ఈ సేవ మొదలైంది. రానూ పోనూ ఒకే వేగం, 2 గిగాబిట్ల దాకా.

మొబైల్ వైపు కథ ఇంకోలా నడిచింది. కామ్‌కాస్ట్, మరికొన్ని కేబుల్ కంపెనీలు 2006లో మొబైల్ సేవకు కావాల్సిన రేడియో స్పెక్ట్రమ్ కొన్నాయి గాని టవర్లు కట్టలేదు. 2011లో దాన్ని 360 కోట్ల డాలర్లకు వెరైజన్‌కు అమ్మేందుకు ఒప్పుకున్నాయి. ఆ బేరంతోపాటు వెరైజన్ నెట్‌వర్క్ మీద తమ పేరుతో మొబైల్ సేవ అమ్ముకునే హక్కునూ సంపాదించాయి. దాని ఆధారంగా 2017లో ఎక్స్‌ఫినిటీ మొబైల్ వచ్చింది. చందాదారుల ఫోన్లు వీలైనప్పుడల్లా కామ్‌కాస్ట్‌కు చెందిన కోటికి పైగా వైఫై హాట్‌స్పాట్లలో ఏదో ఒకదాన్ని అందుకుంటాయి. ఇళ్లలోని మోడెమ్‌లు కూడా ఆ లెక్కలోవే. అంటే పేరుకు వైర్‌లెస్ అయినా ఆ డేటాలో పెద్ద వాటా మళ్లీ పాత తీగ మీదే పోతుంది. వైఫై దొరకని చోట మాత్రమే వెరైజన్‌కు అద్దె కట్టాలి.

2024 ఆఖరుకు కామ్‌కాస్ట్‌కు టీవీ చందాదారులు సుమారు 1.25 కోట్లు, బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు 3.18 కోట్లు, మొబైల్ లైన్లు 78 లక్షలు. టీవీ ఏటా తగ్గుతోంది, మొబైల్ పెరుగుతోంది. ఆ ఏడాది బ్రాడ్‌బ్యాండ్ కూడా 4 లక్షలకు పైగా చందాదారులను పోగొట్టుకుంది. కొందరు నేరుగా ఇంటిదాకా వచ్చే ఫైబర్‌కు మారారు. మరికొందరు తీగ ఊసే లేకుండా సెల్ టవర్ నుంచి ఇంటికి 5జీ ఇంటర్నెట్ ఇచ్చే టీ-మొబైల్, వెరైజన్‌ల వైపు వెళ్లారు. ఎక్స్‌ఫినిటీ మొబైల్ నడుస్తున్నదీ ఆ వెరైజన్ టవర్ల మీదే.