మీకు తెలుసా? పట్టాలు పోయినా దారి మిగిలింది

రైళ్లు ఆగిపోయిన లైన్లను పట్టాలు పీకేసి నడకకు, సైకిళ్లకు బాటలుగా మార్చడం అమెరికాలో ఇప్పుడు మామూలే. మిస్సోరీలోని కేటీ ట్రయిల్ సుమారు 386 కిలోమీటర్లు సాగుతుంది. ఈ పద్ధతికి తొలి ఉదాహరణల్లో ఒకటి విస్కాన్సిన్‌లోని ఎల్రాయ్-స్పార్టా బాట. షికాగో అండ్ నార్త్‌వెస్టర్న్ కంపెనీ వదిలేసిన లైనును రాష్ట్ర ప్రభుత్వం 1965లో కొని, సన్నటి కంకర పొడి పరిచింది. పొడవు సుమారు 51 కిలోమీటర్లు.

అసలు విశేషం దాని మూడు సొరంగాలు. నార్వాక్ దగ్గరిది అన్నిటికంటే పెద్దది: 3,810 అడుగులు. లోపల ఒక్క దీపం ఉండదు, కప్పు నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ నీరు చలికాలంలో గడ్డకట్టి గోడల్ని పగలగొట్టకుండా రెండు చివరలా భారీ చెక్క తలుపులు పెట్టారు. రైలు వచ్చే వేళకు కాపలాదారు వాటిని తీసి, వెళ్లాక మూసేవాడు. ఆ చలిలో, ఆ చీకట్లో ఎంత కష్టమైన కొలువో! ఇప్పటికీ శీతాకాలంలో ఆ తలుపులు మూసే ఉంటాయి.

ఇనుప పట్టాల మీద ఇనుప చక్రాలు జారతాయి కాబట్టి రైలు దారిని నిటారుగా వేయరు. అందుకే కొండల మధ్య కూడా ఇక్కడ సైకిల్ తొక్కడం తేలిక. అటువైపు ఉండే తెలుగువాళ్లు వేసవిలో వెళ్తే టార్చిలైటు, పల్చటి కోటు తప్పక పట్టుకెళ్లండి. సొరంగంలో మాత్రం సైకిల్ దిగి నడవాలి.