చూచువారు లేని పదునెనిమిదేండ్లు

కావ్యప్రయోజనములను విచారించిన మమ్మటాచార్యుడు కీర్తిని మొదట బేర్కొని, పిదప ధనమును జెప్పి, తక్కినవానితో పాటు ఆనందమును లెక్కించెను. కాని వివరణము వ్రాయుచో ఆ యానందమునే సకల ప్రయోజనములకును శిరోభూషణముగ నిరూపించెను. మనవారు శ్లోకమును మఱవలేదు. వివరణమును మాత్రము మఱచిరి. నేడు పద్యము సిరా యాఱకమున్నె సభకు బోవుచున్నది. చిత్రము వన్నె యాఱకమున్నె, ఎందఱు చూచిరి, ఎందఱు మెచ్చిరి యను లెక్క చేతిలోని ఫోనునందు దెలియుచున్నది. శాలువకప్పుటకు దినము నిశ్చయించుకొని పిమ్మట గ్రంథమునకు బూనుకొనువారును మనలో లేకపోలేదు.

“మెచ్చువా డొక్కడును లేకున్న నీ వీ పని చేయుదువా?” యని కళాకారు నడిగినచో నిజమైన యుత్తరము దొరకుట దుర్లభము. ఏలయన, అట్టి పరీక్ష సామాన్యముగ నెవరికిని సంభవింపదు. ఒకనికి సంభవించెను. అతడు కవి గాడు. శిల్పశాస్త్రము నభ్యసించినవాడును గాడు. చండీగఢ్ నగరమున రోడ్ల ఇన్‌స్పెక్టరు. పేరు నేక్‌చంద్.

నేక్‌చంద్ 1924లో, నేడు పాకిస్తానమున జేరియున్న షకర్‌గఢ్ ప్రాంతమందలి యొక పల్లెలో జన్మించెను. 1947లో దేశవిభజనముతో నాతని కుటుంబము ఊరు విడిచి రావలసివచ్చెను. కొన్నియేండ్లకు చండీగఢ్‌లో ప్రభుత్వోద్యోగము లభించెను. పంజాబునకు రాజధానిగ లె కార్బూజియే ప్రణాళికపై అప్పు డా నగరము నిర్మింపబడుచుండెను. గీత గీచినట్లు తిన్నని వీథులు, చదరములైన విభాగములు. ఆ నగరము లేచుటకు బెక్కు పల్లెలు పడిపోయెను. పడిన యిండ్ల పెంకులు, పగిలిన పింగాణి పాత్రలు, చేతిగాజుల ముక్కలు, పాడైన విద్యుద్దీపముల సామగ్రి, ఇట్లు నగరము పాఱవైచినదానినెల్ల నీతడు ప్రోగుచేసికొనెను. వాగులలో వింతరూపమున గనబడిన ఱాళ్లను సైకిలుపై దెచ్చుకొనెను. ఊరు పోగొట్టుకొన్నవాడు కూలిన యూళ్ల శకలములను ఏరుకొనుచుండెనని చెప్పవచ్చును. కాని ఆతని మనస్సులో నేమి యుండెనో నిర్ణయించుటకు మన మెవరము?

1957 ప్రాంతమున, సుఖ్నా సరస్సు సమీపమందలి యడవిలో, కట్టడము లేవియు గూడదని ప్రభుత్వము విడిచిన స్థలమున, చెట్లనడుమ గొంత నేల చదునుచేసి తన రాజ్యమును గట్ట మొదలిడెను. పగలు కచేరి పని. సాయంకాలము లందును రాత్రు లందును ఈ పని. గాజుముక్కలు పొదిగిన చీరలతో స్త్రీలు, నాట్యమాడు మూర్తులు, వానరములు, పక్షులు వరుసలు దీరి నిలిచెను. భార్యకును మిక్కిలి నమ్మినవారు కొందఱకును దక్క నీ సంగతి దెలియదు. సుమారు పదునెనిమిదేండ్లు గడచెను.

భూమిగల చదువరి యొకరు ఈపాటికి నన్నడుగ దలచియుందురు: అది ప్రభుత్వభూమి గదా, ఆక్రమణ కాదా యని. అగును, ఆక్రమణమే. ఆతని గోప్యము కీర్తివిరక్తివలన గలిగినదని నేను వాదింపను. బయటపడినచో ఉద్యోగము పోవును. కట్టిన దంతయు నేలగూలును. భయముచేతనే దాచెను. కాని యా భయమే నాకు ముఖ్యముగ దోచుచున్నది. మెప్పు రాకపోగా శిక్ష రాగల పనిని, ఫలాపేక్షగలవా డెవడు పదునెనిమిదేండ్లు సాగించును? ఎవరును చూడబోని ప్రతిమ వెనుకభాగమున గూడ గాజుముక్కలను దిద్ది పేర్చుటకు, ఆ పేర్చుటయందలి సుఖము దక్క వేఱు కారణము నాకు గనబడదు.

1975లో అధికారుల కది తెలిసెను. అప్పటికే పండ్రెండెకరములు నిండియుండెను. నేలమట్టము చేయవలెనని కొందఱనిరి. కాపాడవలెనని కొందఱు నిలిచిరి. తుదకు కాపాడువారి మాటయే చెల్లి, 1976లో అది రాక్ గార్డెన్ అను పేర ప్రజలకు దెఱువబడెను. నేక్‌చందునకు జీతము నిచ్చి యీ పనియందే నియోగించి, ఏబదిమంది కూలీల నిచ్చిరి. 1984లో పద్మశ్రీ వచ్చెను. 1990లో తోటలో గొంత పడగొట్టుటకు యంత్రములు రాగా జనులు చేయిచేయి పట్టుకొని యడ్డునిలిచిరి. దాచుకొన్న రాజ్యమునకు గావలివారు గలిగిరి.

ఇచట నా యభిప్రాయ మొకటి చెప్పక తప్పదు. కీర్తి వచ్చిన పిదప గట్టిన భాగములు విశాలములు. జలపాతములు, కమానులు, పిల్లలకు ఉయ్యెలలు గలవు. జనసమూహము దిరుగుటకు అవి సర్వవిధముల ననుకూలములు. అందు తప్పులేదు; నిజమునకు వానిని జూచి సంతోషించువారే యెక్కువ. అయినను రహస్యముగ జేసిన మొదటి భాగమందలి చిన్న యావరణములకు వీనిలో సాటివచ్చున దొకటియు లేదని నా నమ్మకము. అచట గమ్మములు కుఱుచలు, దారులు ఇఱుకులు. అవి గుంపులకొఱకు గొలిచినవి కావు. ఒక్క మనుష్యుడు, చేత గాజుముక్కల గంప పట్టుకొని, రాత్రివేళ నడచుటకు జాలినవి.

నేక్‌చంద్ 2015లో, తొంబదియవయేట మరణించెను. ఆ కుఱుచ గుమ్మములను ఎవరును పెంచలేదు. నేటికిని వచ్చినవా రందఱును తలవంచియే లోపలికి బోవుచున్నారు.