పెరుగుటకు తావున్న కంప్యూటరు

శ్రీకాకుళము, విజయనగరము పట్టణములలో కొత్త డాబాలపై ఇనుప చువ్వలు నిక్కియుండుట మనము చూచుచుందుము. నేడు ధనము చాలక ఒక అంతస్తుతో ఆగినను, రేపు పై అంతస్తు వేయుటకు అవియే ఆధారము. పాఠశాలకు కంప్యూటరు కొనునప్పుడును ఇట్టి చువ్వలున్నవా అని చూడవలెను.

ఇది ఏల అవసరము? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11కు కనీసము 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ చోటు, టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము, ఆమోదింపబడిన ప్రాసెసరు కావలెను. మొదటి రెండును తరువాత చేర్చుకొనవచ్చును. తక్కిన రెండును పాత యంత్రములలో తరచు చేర్చుటకు వీలు కాదు. కావున మార్చుటకు కష్టమైన ప్రాసెసరు, మదర్‌బోర్డు మొదటనే మంచివి తీసికొని, సులభముగా పెరుగువానిని తరువాతకు విడువవలెను.

ర్యామ్ సంగతి చూడుడు. రెండే స్లాటులున్న బోర్డులో 4 గిగాబైట్ల పలకలు రెండు అమర్చినచో, 16 చేయుటకు రెండింటిని తీసివేయవలెను. 8 గిగాబైట్ల పలక ఒక్కటే ఉన్నచో, అట్టిదే మరియొకటి చేర్చిన చాలును. జంట పలకల వేగము కొంత హెచ్చన్నది నిజమే; కాని ఆ లాభము రెండవ పలకతో తరువాత వచ్చును. డి.డి.ఆర్.4 స్లాటులో డి.డి.ఆర్.5 పలక పట్టదు. వాని గాట్లు వేరు.

రెండవది, విద్యుత్తు నందించు ఎస్.ఎం.పి.ఎస్. ప్రాసెసరుకు 65, గ్రాఫిక్స్ కార్డుకు 120, తక్కినవానికి 50 వాట్లనుకొందము. మొత్తము 235. చిన్న క్యాబినెట్టులోని 180 వాట్ల పెట్టె దీనికి చాలదు. ఆ పెట్టె కొలతలు, తీగల కొనలు 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణము ననుసరించినచో, చెడినను ఇతర సంస్థలు చేసినది కొని బిగింపవచ్చును. సొంత కొలతలదైనచో తయారుచేసిన సంస్థ విడిభాగమునకై వేచియుండవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానమున దినముల తరబడి కరెంటు లేకపోయెను. ఇట్టి సీమలో హెచ్చుతగ్గుల కరెంటు దెబ్బ మొదట తగులునది ఈ భాగమునకే.

మూడవది, నిల్వ. ఖాళీ ఎం.2 స్లాటు గాని సాటా కొన గాని ఉన్నచో, తిరుగుడు హార్డ్ డిస్కు గల యంత్రమునకు ఎస్.ఎస్.డి. చేర్చి చురుకుదనము తేవచ్చును.

కొనకమునుపు దుకాణదారుని ఇట్లు అడుగుడు: ర్యామ్ స్లాటులెన్ని? ఖాళీ ఎన్ని? ఎస్.ఎం.పి.ఎస్. ఎన్ని వాట్లు? మూత తెరచినచో వారంటీ పోవునా? సమాధానములు బిల్లుపై వ్రాయించుకొనుడు. నేడు అడిగిన నాలుగు మాటలు, రేపు పాఠశాలకు మరియొక యంత్రపు ఖర్చును తప్పింపవచ్చును.