గుమస్తా కోసం పుట్టిన భాష

ఉస్మాన్‌గంజ్ టోకు కొట్టులో సేఠ్ "పదివేలు దాటిన బాకీలు ఎవరెవరివి? పెద్దవి ముందు చెప్పు" అంటే చాలు, గుమస్తా ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తిరగేస్తాడు. ఏ పేజీ ముందు చూడాలో సేఠ్ చెప్పడు. చెప్పాల్సి వస్తే ఇక గుమస్తా ఎందుకు?

1960ల కంప్యూటర్‌కి మాత్రం ఆ దారి కూడా చెప్పాల్సి వచ్చేది: ఈ రికార్డు చూడు, అక్కణ్నుంచి ఫలానా దానికి వెళ్ళు అని. డేటా అమరిక మారితే ప్రోగ్రాం మళ్ళీ రాసుకోవాల్సిందే. సమాచారాన్ని పట్టికలుగా ఉంచి, వెతికే పని యంత్రానికే వదిలేద్దామని 1970లో ఐబీఎం శాన్‌హొసే ప్రయోగశాల నుంచి ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించాడు. ఆలోచన గొప్పదే, కానీ ఆయన గణిత సంకేతాలు చూస్తే ఏ గుమస్తా అయినా దండం పెట్టేస్తాడు. అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ వాటిని మామూలు ఇంగ్లిష్ మాటల్లోకి దించి, 1974లో 'సీక్వెల్' పేరుతో ప్రకటించారు. కంప్యూటర్ చదువు లేని అకౌంటెంట్ల వంటివాళ్ళు దాన్ని వాడతారని వాళ్ళ ఆశ. బాయిస్ ఆ ఏడాదే, ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయాడు. 'సీక్వెల్' అన్న పేరు అప్పటికే ఒక బ్రిటిష్ విమాన కంపెనీ ట్రేడ్‌మార్క్ కావడంతో భాష 'ఎస్‌క్యూఎల్' అయింది. 1979లో ఒరాకిల్ అనే సాఫ్ట్‌వేర్ రూపంలో అమ్మకానికొచ్చింది, 1986లో అమెరికా ప్రమాణమైంది.

సేఠ్ ప్రశ్నను అందులో ఇలా అడగాలి:

సెలెక్ట్ పేరు, బాకీ
ఫ్రమ్ ఖాతాలు
వేర్ బాకీ > 10000
ఆర్డర్ బై బాకీ డెస్క్

'సెలెక్ట్' ముందు రాస్తాం గానీ, అర్థం చేసుకునేటప్పుడు 'ఫ్రమ్' దగ్గర మొదలెట్టాలి. ముందు ఖాతాల పట్టిక, తర్వాత 'వేర్' జల్లెడ, ఆపైన మనకు కావలసిన రెండు గడులు, చివర్న పెద్దవి పైకి.

ఇంత సుళువుగా ఉన్నా కొట్లలో దీన్ని చేత్తో రాసేవాళ్ళు అరుదు. బటన్ వెనక ప్రోగ్రామర్ రాసిపెట్టిందే నడుస్తుంది. అందుకు ఒక కారణం 'నల్' అని నా అనుమానం. ఒక ఖాతాలో బాకీ రాయకుండా గడి ఖాళీగా వదిలేశారనుకోండి. పదివేలు దాటినవి అడిగితే ఆ ఖాతా రాదు. సరే, పదివేలు, అంతకు తక్కువవి అడుగుదామంటే అందులోనూ రాదు! ఈ ఖాళీనే 'నల్' అంటారు; ఇక్కడ దాని అర్థం సున్నా కాదు, 'తెలియదు' అని. 'వేర్ బాకీ ఈజ్ నల్' అని విడిగా అడగాలి. '= నల్' అని రాస్తే మాత్రం ఒక్క పేరూ రాదు, ఎంత బాకీయో తెలియనప్పుడు అది దేనికి సమానమని యంత్రం ఒప్పుకుంటుంది?