బౌద్ధధర్మము – వృక్షరక్షణము

చెట్టు, చెరువు, పశువు, పక్షి – వీనియెడ మానవునకు బాధ్యత కలదని బౌద్ధధర్మము ప్రాచీనకాలమునుండి బోధించుచున్నది. ఈ బోధ గ్రంథములకే పరిమితము కాలేదు. భిక్షువుల నిత్యజీవితమునకు నియమమై, ఒక చక్రవర్తి పరిపాలనకు శాసనమై నిలిచినది. కావున గ్రామపాలనాభారము వహించిన పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట యుక్తము.

భిక్షువులు పచ్చని మొక్కను త్రుంచరాదు, నేలను త్రవ్వరాదు, పురుగులున్న నీటిని తెలిసి గడ్డిపైగాని, మట్టిపైగాని పోయరాదు. నీటిని వడపోయు సాధనము వారు వెంట నుంచుకొనవలసిన ఎనిమిది వస్తువులలో నొకటి. వర్షాకాలమున మూడు నెలలు వారొక్కచోటనే నివసింపవలెను. భిక్షువులు వానలలో తిరుగుటచే లేతపచ్చికయు, చిన్నప్రాణులును నలిగిపోవుచున్నవని జనులు ఆక్షేపింపగా బుద్ధుడీ నియమము నేర్పరచెనని వినయపిటకము తెలుపుచున్నది.

మరి నేల దున్నక తప్పని రైతు మాట యేమి? పైనియమములు భిక్షువులకే గాని గృహస్థులకు కావు. గృహస్థుడు ప్రాణిహింస మానవలెను; అంతియేగాక తోటలు నాటుట, బావులు త్రవ్వించుట, వంతెనలు కట్టించుట రేయింబవళ్లు పెరుగు పుణ్యమని సంయుత్తనికాయము చెప్పుచున్నది. హాని చేయకుండుట భిక్షువు వంతు. హాని మానుటతోపాటు మేలు చేయుటయు గృహస్థుని వంతు.

క్రీ.పూ. 3వ శతాబ్దమున అశోకుడు ఈ ధర్మమును రాజ్యపాలనలో ప్రవేశపెట్టెను. ఆయన శిలాశాసనములు కర్నూలు జిల్లా ఎర్రగుడిలో నేటికిని కలవు. మనుష్యులకును పశువులకును చికిత్స కల్పించితినని, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితినని, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచితినని రెండవ శిలాశాసనమున ఆయన ప్రకటించెను. నిష్కారణముగా అడవులను కాల్పరాదని ఐదవ స్తంభశాసనమున ఆజ్ఞాపించెను.

ఈ భావము నేటికిని సజీవముగా నున్నది. థాయిలాండు దేశమున అడవులు తరిగిపోవుచుండగా, 1980 దశకము చివరినుండి కొందరు భిక్షువులు పెద్దచెట్లకు కాషాయవస్త్రము చుట్టి, గ్రామస్థుల సమక్షమున దీక్షవంటి విధి జరుపుచున్నారు. అట్టి చెట్టును నరుకుటకు జనులు సంకోచింతురు. 1988లో ఆ దేశపు దక్షిణభాగమున వరదలు సంభవించి ప్రాణనష్టము కలిగిన పిమ్మట, 1989లో ప్రభుత్వము అడవులలో వ్యాపారార్థము కలప నరుకుటను నిషేధించినది. భక్తియు, చట్టమును ఒకదానికొకటి తోడైనవి.

మన రాజ్యాంగమున 1992నాటి 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలునందు సామాజిక వనములు, చిన్ననీటి వనరులు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. అయితే మొక్కను నాటుట ఒక్కదినపు పని; దానిని కాచుట ఏండ్ల పని. వేసవిలో నీరు పోయువా రెవ్వరు, పశువులనుండి కాపాడువా రెవ్వరు, ఎండుటాకులకు నిప్పంటకుండ చూచువా రెవ్వరు అను సంగతులు నాటుటకు ముందే గ్రామసభలో నిర్ణయింపవలెను. తీర్మానము వ్రాతలో నిలిచినచో చాలదు, చెట్టు నిలువవలెను. బాటసారికి నీడయు, పశువుకు నీరును దొరకిననాడే గ్రామమున ఆ ధర్మము సార్థకమగును.